రోగికి మందిచ్చి, ఇంటిని మరిచారు

క్షయ ఒక మనిషిలో బయటపడుతుంది, ఒక ఇంటిని పట్టుకుంటుంది. తండ్రి దగ్గుతాడు. ఆ గదిలోనే తల్లి వంట చేస్తుంది, దాదీ నమాజు చేసుకుంటుంది, పాలు తాగే బిడ్డ నిద్రపోతుంది. కిటికీ లేని ఆ ఒక్క గదిలో అందరి ఊపిరీ ఒక్కటే. ఈ సంగతి వైద్యశాస్త్రానికి తెలుసు, ప్రభుత్వ మార్గదర్శకాలలోనూ రాసి ఉంది. అయినా మన మొహల్లాలలో ఒకరికి క్షయ తేలినప్పుడు జరుగుతున్నదేమిటి? రోగి పేరు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కుతుంది. మందుల పొట్లం చేతికొస్తుంది. ఆ తలుపు వెనుక ఉన్న మిగతా అయిదారుగురి సంగతి చాలాచోట్ల ఎవరూ అడగరు. అడిగినా, గుమ్మం బయట నిలబడి "ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో రిజిస్టరులో గడి నింపుకొని వెళ్లిపోతారు.

దీనిని మేము పసిపిల్లల బతుకు హక్కుకు జరుగుతున్న అన్యాయంగా పరిగణిస్తున్నాము. ఈ అన్యాయంలో ప్రభుత్వం పాలెంతో, మన మౌనం పాలెంతో తేల్చుకోవలసిన సమయం వచ్చింది.

2025 నాటికి దేశాన్ని క్షయ నుంచి విముక్తం చేస్తామని 2018 మార్చిలో ఢిల్లీలో ప్రధానమంత్రి ప్రకటించారు. ప్రపంచ దేశాలు పెట్టుకున్న 2030 గడువు కన్నా అయిదేళ్లు ముందుగానే అన్నారు. ఆ ఏడు రానే వచ్చింది. వ్యాధి మాత్రం పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం, 2023లో ప్రపంచంలోని క్షయ రోగులలో 26 శాతం మంది, అంటే సుమారు 28 లక్షల మంది, మన దేశంలోనే ఉన్నారు. ఆ ఒక్క ఏడాదిలో ఇక్కడ 3 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. గోడలపై నినాదాలకు లోటు లేదు. ఆ గోడల లోపల ఏం జరుగుతున్నదో చూసేవారే కరువయ్యారు.

మద్రాసు పాఠంలో సగం

ఒకప్పుడు క్షయ రోగిని ఇంటి నుంచి వేరుచేసి శానిటోరియానికి పంపేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలా వెలసినదే. అక్కడ పడక దొరికేది కొందరికే. మిగిలినవారు ఇంట్లోనే దగ్గుతూ మరణించేవారు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో ఒక అధ్యయనం ప్రారంభించాయి. పేద రోగులలో కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇరుకు ఇళ్లలోనే అవే మందులు ఇచ్చి చూశారు. 1959లో వెలువడిన ఫలితాలు ప్రపంచ వైద్య విధానాన్నే మార్చివేశాయి. తిండి తక్కువైనా, విశ్రాంతి కొరవడినా, ఇంట్లో మందులు వాడినవారు శానిటోరియంలోని వారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల కుటుంబ సభ్యులకు ముప్పు అధికం కాలేదు. కారణం స్పష్టం: ఇంటివారికి వ్యాధి సోకేది చాలావరకు రోగిని గుర్తించి మందులు మొదలుపెట్టకముందే.

ఈ పాఠంలో రెండు భాగాలున్నాయి. మందు వాడుతున్న రోగిని ఇంటి నుంచి తరమనక్కరలేదన్నది మొదటిది. రోగం తేలేనాటికే ఇంటివారిలో కొందరికి అది సోకి ఉంటుంది కాబట్టి వారిని వెంటనే పరీక్షించాలన్నది రెండవది. మద్రాసు అధ్యయనకర్తలు ఆ కుటుంబాలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు కూడా. మన ప్రభుత్వాలు మొదటి భాగాన్ని ఆనందంగా స్వీకరించాయి, ఎందుకంటే దానివల్ల పడకల ఖర్చు తగ్గింది. రెండవ భాగానికి ఖర్చు అవుతుంది, మనుషులు కావాలి, తలుపులు తట్టాలి. అందుకే అది దశాబ్దాలుగా కాగితాల మీదే ఉండిపోయింది. చికిత్స ఇంటికి వచ్చింది. ఇంటివారికి రావలసిన రక్షణ దారిలోనే ఆగిపోయింది.

పసివారి లెక్క వేరు

క్షయ సూక్ష్మజీవి ఒంట్లో చేరిన ప్రతివారూ రోగులు కారు. పెద్దవారిలో నూటికి అయిదు నుంచి పదిమందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు అది వ్యాధిగా మారుతుంది. పసిపిల్లల విషయం అలా కాదు. ఏడాది నిండని బిడ్డకు సోకి, నివారణ మందు అందకపోతే, అలాంటివారిలో సగం మంది వరకు వ్యాధిగ్రస్తులు కావచ్చు. ఆ ప్రమాదంలో అధికభాగం సోకిన మొదటి ఏడాది, రెండేళ్లలోనే ఉంటుంది. పసివారిలో వ్యాధి ఊపిరితిత్తులతో ఆగదు. మెదడు పొరలకు పాకి ప్రాణం తీస్తుంది, లేదా జీవితాంతం మిగిలే వైకల్యాన్ని ఇస్తుంది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా ఇలాంటి తీవ్ర రూపాల నుంచి చాలావరకు కాపాడుతుంది. పూర్తిగా కాపాడలేదు, పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల క్షయను అడ్డుకోవడంలో దానిని నమ్ముకోలేము. "భుజం మీద మచ్చ ఉంది కదా, భయం లేదు" అనే మాట మన ఇళ్లలో తరచు వినబడుతుంది. ఆ నమ్మకం ప్రమాదకరం.

పిల్లలలో క్షయను కనిపెట్టడమూ కష్టమే. చిన్నపిల్లలు కళ్లె ఉమ్మలేరు, మింగేస్తారు. వారి కళ్లెలో క్రిములూ తక్కువే. ట్రూనాట్, సీబీనాట్ వంటి యంత్రాలు ఎంత మంచివైనా వాటిలో పెట్టడానికి నమూనా ఉండాలి కదా. అందుకే ఖాళీ కడుపుతో పొట్టలోని ద్రవం తీయడమో, ఎక్స్‌రే చూడడమో, మలాన్ని పరీక్షించడమో చేయవలసి వస్తుంది. అన్నిటికంటే విలువైన ఆధారం మాత్రం యంత్రంలో దొరకదు. "ఈ బిడ్డ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబే ఆ ఆధారం. రెండు వారాలు దాటిన దగ్గు లేదా జ్వరం, బరువు తగ్గడం, నెలలు గడిచినా బరువు పెరగకపోవడం, ఆటల మీద ఆసక్తి పోయి నలతగా పడుకోవడం, మెడ మీద నొప్పి లేని గడ్డలు: రోగి ఉన్న ఇంట్లో బిడ్డకు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దవాఖానకు తీసుకువెళ్లవలసిందే. ప్రపంచంలో ఏటా 15 ఏళ్ల లోపు పిల్లలు 10 లక్షలకు పైగా ఈ వ్యాధిన పడుతుండగా, వారిలో దాదాపు సగం మంది ఏ లెక్కలోకీ రావడం లేదు. దీనితో మరణించే పిల్లలలో అత్యధికులు చికిత్స అందనివారే. అంటే వారిని చంపుతున్నది మందులేని రోగం కాదు, మందున్నా ఇంటికి చేరని వ్యవస్థ.

కాగితం మీది హక్కు

మన దేశంలో చాలాకాలం రోగి ఇంట్లోని 6 ఏళ్ల లోపు పిల్లలకే నివారణ మందు ఇవ్వాలన్న నియమం ఉండేది. 2021లో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు తెచ్చి, ఊపిరితిత్తుల క్షయ రోగి ఇంట్లోని వారందరికీ ఆ హక్కును విస్తరించింది. ముందుగా ప్రతి ఒక్కరికీ వ్యాధి లక్షణాలున్నాయేమో చూడాలి. అనుమానం ఉన్నవారిని పరీక్షించాలి. వ్యాధి తేలితే పూర్తి చికిత్స ఇవ్వాలి. వ్యాధి లేదని నిర్ధారించుకున్నాక, 5 ఏళ్ల లోపు పిల్లలకు చర్మ పరీక్షో రక్త పరీక్షో జరిగేదాకా ఆగకుండా నివారణ మందు మొదలుపెట్టాలి. అంతకు పైబడినవారికి అందుబాటులో ఉన్నచోట ఎక్స్‌రే, ఇన్‌ఫెక్షన్ పరీక్ష చేయాలి. అవి లేవన్న సాకుతో మందు ఆపకూడదు. రోజూ ఐసోనియాజిడ్ ఆరు నెలలు వాడటం ఒక పద్ధతి. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు వాడటం మరొకటి, ఇది రెండేళ్లు దాటినవారికి. ఈ చికిత్సలు వ్యాధి రాకుండా 60 నుంచి 90 శాతం వరకు కాపాడగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఇంత చక్కగా రాసుకున్న నియమం గుమ్మం దాటి ఎందుకు రాదు? రోగుల సంఖ్య మీద అధికారులకు లక్ష్యాలున్నాయి, ఇంటివారి మీద అంతటి ఒత్తిడి లేదు. అరకొర పారితోషికంతో పనిచేసే ఆశా కార్యకర్త నెత్తిన పది సర్వేలున్నాయి. మందుల సరఫరాకూ భరోసా లేదు. 2024 తొలి నెలల్లో రోగులకిచ్చే మందులకే కొరత ఏర్పడి, రాష్ట్రాలు స్థానికంగా కొనుక్కోవాలని కేంద్రం చెప్పవలసి వచ్చింది. రోగికే మందు దొరకని చోట రోగి బిడ్డకు నివారణ మందు గురించి ఎవరు పట్టించుకుంటారు? ప్రైవేటు వైద్యుల దగ్గరకు వెళ్లే రోగుల పరిస్థితి మరీ అన్యాయం. ప్రతి క్షయ రోగి వివరమూ ప్రభుత్వానికి తెలపాలన్న ఆదేశం 2012 నుంచీ ఉంది. అయినా మందుల చీటీ రాసే చేతికి ఆ ఇంట్లో పిల్లలెందరో అడిగే తీరిక ఉండదు.

మన ఇళ్లే ఎందుకు?

క్షయకు మతం లేదు. ఇరుకుకు, ఆకలికి, దుమ్ముకు మాత్రం చిరునామాలున్నాయి. ఆ చిరునామాలలో మన మొహల్లాలు చాలా ఉన్నాయని 2006లో సచార్ కమిటీ దేశం ముందు పెట్టింది. ముస్లిం స్త్రీలు ఇంటి నాలుగు గోడల మధ్యే చేసే పనులలో అధికంగా ఉన్నారని కూడా ఆ నివేదిక చెప్పింది. హైదరాబాదు పాతనగరంలో ఒకే గదిలో జరీ మగ్గం, పొయ్యి, ఉయ్యాల. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో ఒళ్లో తునికాకు చేట, పక్కనే పొగాకు ధూళి పీల్చే పసిబిడ్డ. బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాతి పాలిష్ యూనిట్లలో ఊపిరితిత్తుల్లోకి చేరే సిలికా దుమ్ము క్షయ ముప్పును పెంచుతుందని వైద్యులు ఏనాడో చెప్పారు. ఈ పనులలో దళితులూ, వెనుకబడిన కులాలవారూ మనతోపాటే ఉన్నారు. వారి ఇళ్ల తలుపులు తట్టని వ్యవస్థే మన తలుపులూ తట్టడం లేదు. కనుక ఈ పోరాటం మన ఒక్కరిదే కాదు.

మనకు మాత్రమే ఉన్న చిక్కు మరొకటుంది, అది భయం. 2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతాన్ని సాకు చేసుకొని ఒక మహమ్మారిని మన మతానికి అంటగట్టారు. ఆరోగ్య సర్వే పేరుతో వచ్చినవారిని చూసి బస్తీలు వణికిన రోజులవి. పౌరసత్వ చట్టం, జనాభా రిజిస్టర్ల భయం అప్పటికే గుండెల్లో ఉంది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని తేల్చింది. కోర్టు తీర్పు వచ్చింది, కాని పోయిన నమ్మకం తిరిగి రాలేదు. ఈనాడు ఒక అపరిచితుడు ఇంటికొచ్చి "మీ ఇంట్లో ఎందరు, పేర్లేమిటి, ఆధార్ ఇవ్వండి" అంటే మన స్త్రీలు తలుపు వేసేస్తున్నారంటే ఆ తప్పు వారిది కాదు. ఆరోగ్యం కోసం తీసుకున్న వివరం మరే పనికీ వాడబోమని రాతపూర్వకంగా హామీ ఇచ్చి, ఆ హామీని నిలబెట్టుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

మనం దాచుతున్నది

ఇంతవరకు ప్రభుత్వాన్ని ప్రశ్నించాము. మనలను మనమూ ప్రశ్నించుకోవాలి. కూతురికి రిష్తా చెడుతుందని టీబీ మాటను గడప దాటనివ్వని ఇళ్లు మనవే. కోడలికి వ్యాధి తేలితే పుట్టింటికి పంపి, ఆమె వాడిన గిన్నెలు వేరుపెట్టి, ఆమె ఒళ్లో పెరిగిన బిడ్డను మాత్రం ఒక్కసారి కూడా డాక్టరుకు చూపని ఇళ్లూ మనవే. గిన్నెల ద్వారా క్షయ రాదు. గాలి ద్వారా వస్తుంది. సరైన మందు మొదలైన కొద్ది వారాలకే రోగి నుంచి ఇతరులకు సోకే ముప్పు బాగా తగ్గిపోతుంది. వెలివేత వల్ల ఎవరికీ రక్షణ లేదు. భయపడిన ఆడపిల్ల దగ్గును చున్నీలో దాచుకుంటుంది, అంతే.

"ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డకు ఆరు నెలలు మందెందుకు?" అని అడిగే తల్లిదండ్రులను మేము తప్పుపట్టము. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబిచ్చే ఓపిక ఆరోగ్య సిబ్బందికి ఉండాలి. ఆకలి తగ్గడం, వాంతులు, కళ్లు పచ్చబడటం వంటివి కనబడితే మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపాలని ముందే చెప్పాలి. రిఫాపెంటిన్ వాడేటప్పుడు మూత్రం ఎర్రగా వస్తే భయపడనక్కరలేదనీ చెప్పాలి. అది చెప్పనందువల్లనే మందు మురికి కాలువల పాలవుతున్నది. రంజాన్ మాసం వస్తే మందు మానేసే పెద్దలున్నారు. రోజుకొకసారి వేసుకునే మందును డాక్టరును అడిగి సహరీకో ఇఫ్తార్ తరువాతకో మార్చుకోవచ్చు. రోగికి ఉపవాసం నుంచి మన ధర్మమే మినహాయింపు ఇచ్చింది. ఈ మాట మిమ్బరు మీది నుంచి రావాలి.

అనుమానాన్ని జయించిన చరిత్ర మనకుంది. ఎమర్జెన్సీనాటి బలవంతపు కుటుంబ నియంత్రణ మిగిల్చిన భయం వల్ల ఉత్తరప్రదేశ్‌లో ఎన్నో ముస్లిం కుటుంబాలు పోలియో చుక్కలను నిరాకరించాయి. పోలీసు లాఠీ ఆ తలుపులు తెరిపించలేదు. మస్జిదుల ప్రకటనలు, అలీగఢ్, జామియా మిల్లియా వంటి విద్యాసంస్థల తోడ్పాటు, బస్తీ స్త్రీలే కార్యకర్తలై ఇల్లిల్లూ తిరగడం తెరిపించాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. సమాజాన్ని నిందితురాలిగా కాక భాగస్వామిగా చూసినప్పుడు ఏం సాధ్యమో అది చూపింది.

అన్నం కూడా మందే

నివారణ మందుతోనే కథ ముగియదు. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాలలో 10 వేల మందికి పైగా రోగుల కుటుంబ సభ్యులపై జరిగిన 'రేషన్స్' అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పెద్దలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు అదనంగా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులలో నిర్ధారణ అయిన క్షయ 48 శాతం తగ్గింది. పప్పన్నం టీకాలా పనిచేసిందన్న మాట. రోగికి ఇచ్చే పోషణ భత్యాన్ని ప్రభుత్వం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచింది. సంతోషమే. ఇంటివారికి మాత్రం ఆహారపు బుట్టను 'నిక్షయ్ మిత్ర' దాతల దయకు వదిలేసింది. దాత దొరికిన ఇంటికి పప్పు, దొరకని ఇంటికి నినాదం. దాతృత్వం మనకు కొత్త కాదు. జకాత్ ఇవ్వడం తెలిసిన సమాజం మనది. కాని జకాత్ రాజ్యం బాధ్యతకు తోడు కాగలదు, బదులు కాజాలదు. పేదవాడికి చవకగా మాంసకృత్తులు అందించిన పెద్దకూరను, చట్టం అనుమతించిన గేదె మాంసాన్ని కూడా, దారికాచి అడ్డుకునే మూకలను చూసీ చూడనట్లుండే పాలకులు పోషకాహారం గురించి ఉపన్యాసాలివ్వడం మనలను మరింత బాధిస్తున్నది.

మా డిమాండ్లు

ఒక రోగి నమోదైన నెలలోపు ఆ ఇంట్లో ప్రతి ఒక్కరినీ, ముఖ్యంగా 5 ఏళ్ల లోపు పిల్లలను, పరీక్షించి తీరాలి. ప్రైవేటులో చికిత్స పొందేవారి ఇళ్లకూ ఇది వర్తించాలి. ఎందరు ఇంటివారున్నారు, ఎందరిని పరీక్షించారు, ఎందరు మందు మొదలుపెట్టారు, ఎందరు పూర్తిచేశారు అన్న నాలుగు అంకెలను పేర్లు లేకుండా బస్తీలవారీగా ప్రతి మూడు నెలలకు బయటపెట్టాలి. ఎక్స్‌రే, పరీక్షలు బస్తీ దవాఖానలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో సాయంత్రం వేళల్లోనూ దొరకాలి. కూలి పోగొట్టుకొని పెద్దాసుపత్రి చుట్టూ తిరగడం ఎవరి తరమూ కాదు. స్త్రీలను పరీక్షించడానికి స్త్రీ సిబ్బంది ఉండాలి. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచీ రెండవ అధికార భాష. కాబట్టి సమాచార పత్రాలు, సమ్మతి పత్రాలు ఉర్దూలోనూ ఇవ్వాలి. ఆ వివరాలు మరే శాఖకూ చేరకూడదు. ఇంటివారి ఆహారం దాతల ఇష్టం మీద కాక, రేషన్ కార్డు మీద పప్పుతో సహా హక్కుగా అందాలి. మైనారిటీ గురుకులాలు, వసతి మద్రసాలలో ఒక విద్యార్థికి వ్యాధి తేలితే తోటి పిల్లలను ఇంటివారిగానే భావించి పరీక్షించాలి. ఆ పిల్లవాణ్ణి బడి నుంచి తీసేయకూడదు.

మస్జిద్ కమిటీలను, మహిళా సంఘాలను, యువజన మిత్రులను మేము కోరేది ఒక్కటే. మార్చి 24 ప్రపంచ క్షయ దినం వరకు ఆగకండి. వచ్చే జుమానాడే ఖుత్బా తరువాత అయిదు నిమిషాలు ఈ మాట చెప్పించండి. మీ వీధిలో టీబీ మందు వాడుతున్న ఇల్లు మీకు తెలిస్తే, ఆ ఇంటి గుట్టు కాపాడుతూనే, ఆ పిల్లలతో పాటు దవాఖానకు నడవండి. "పరీక్షలు లేవు", "మందు రాలేదు" అని సిబ్బంది చెబితే ఆ మాటను రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉంది. ఆ కాగితాలన్నీ పోగుచేసి జిల్లా క్షయ నివారణాధికారి బల్లమీద పెడదాము. అక్కడ జవాబు దొరకకపోతే కలెక్టరు వద్దకు, అక్కడా దొరకకపోతే న్యాయస్థానానికి వెళదాము. నెలకు కిలోన్నర పప్పుతో, వారానికొకసారి వేసే మాత్రలతో నిలబెట్టుకోగల ప్రాణాలను పోనిచ్చిన పాపంలో మనకూ వాటా రాకూడదు.